అదను తెలిసిన ప్రొటీన్

(పుష్ప మిత్ర భార్గవ స్మృతిలో నాచారంలో చేసిన స్మారకోపన్యాసానికి అక్షరరూపం)



స్మారకోపన్యాసం అనగానే పోయినవారి గుణగణాలు తలుచుకోవడం మన ఆనవాయితీ. ఒక శాస్త్రవేత్తను తలుచుకోవడానికి ఇంకో మంచి దారి ఉంది. ఆ మనిషి వయసులో ఉన్నప్పుడు ఏ ప్రశ్న వెంట పడ్డారో కనుక్కుని, అది ఇప్పుడు ఎంతవరకు వచ్చిందో చూడాలి. ఈ సాయంత్రం నేను ఆ పనే చేస్తాను.

డాక్టర్ భార్గవ అనగానే మనకు మూడు సంగతులు గుర్తుకొస్తాయి. హబ్సిగూడలో సీసీఎంబీ అనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టిన మనిషి. శాస్త్రీయ దృక్పథం పౌరుడి బాధ్యత అని జీవితాంతం వాదించిన మనిషి. 1986లో అందుకున్న పద్మభూషణ్‌ను 2015లో వెనక్కి ఇచ్చేసిన మనిషి. ఆయన ప్రయోగశాలలో చేతులారా ఏం పని చేశారని అడిగితే మాత్రం మనలో చాలామంది తడుముకుంటాం. ఆయన శుక్రకణాల మీద పనిచేశారు. శుక్రకణం ప్రొటీన్ తయారుచేసుకోగలదా అని అడిగారు. నా ఉపన్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఉన్న రోడ్డు మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి పరిశోధన సంస్థలన్నీ నాలుగైదు మెట్రో స్టేషన్ల లోపే ఉన్నాయి. 1996లో మొదలైన డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, అంటే మనం సీడీఎఫ్‌డీ అని పిలిచేది, కొన్నేళ్లపాటు మన నాచారంలోనే, ఈసీఐఎల్ రోడ్డు మీద నడిచింది. తర్వాత నాంపల్లి వెళ్లింది. ఇప్పుడు ఉప్పల్ రింగురోడ్డులో సొంత ఆవరణలో ఉంది. భార్గవగారు 1950లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఐఐసీటీకి పూర్వరూపమైన ప్రయోగశాలలో చేరడానికి హైదరాబాద్ వచ్చారు. పుట్టింది అజ్మీర్‌లో, చదివింది లక్నోలో. మధ్యలో అమెరికా, ఇంగ్లండ్ వెళ్లినా తిరిగి ఈ ఊరికే వచ్చారు. 1977లో సీసీఎంబీకి అంకురం పడింది ఈ రోడ్డు మీదే. 2017 ఆగస్టు 1న ఆయన కన్నుమూసిందీ ఈ ఊళ్లోనే. ఆయన ప్రశ్నకు ఒక ముఖ్యమైన కొనసాగింపు కూడా ఇక్కడి సంస్థ నుంచే వచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ప్రశ్న ఎలా పుట్టిందో చూద్దాం.

1956-57 ప్రాంతంలో భార్గవ లండన్‌లో, జాతీయ వైద్య పరిశోధన సంస్థలో ఉన్నారు. కణంలో ప్రొటీన్ ఎలా తయారవుతుందన్నది అప్పుడు ప్రపంచమంతా తేల్చుకోవాలనుకుంటున్న విషయం. ఆయన దానికి ఎంచుకున్న కణం ఎద్దు శుక్రకణం. ప్రొటీన్‌కు ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటికి రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తుపెట్టి శుక్రకణాలకు అందించారు. మన గొల్లకురుమలు మందలో తమ గొర్రెలను పోల్చుకోవడానికి వీపున రంగు పూస్తారు చూడండి, అలాంటి గుర్తే ఇది. కొంతసేపటి తర్వాత కణాలను శుభ్రంగా కడిగి, వాటి ప్రొటీన్లను వేరుచేసి, రంగు గొర్రెలు లోపలికి చేరాయో లేదో లెక్కపెట్టారు. చేరాయి. 1957లో 'నేచర్' పత్రిక ఆ ఫలితాన్ని అచ్చువేసింది.

ఇందులో వింతేముంది, కణమన్నాక ప్రొటీన్ చేసుకోదా అని మీరు అడగవచ్చు. శుక్రకణం మామూలు కణం కాదు. ప్రయాణానికి బయలుదేరే ముందు అది తన ఇంట్లో సామాను దాదాపు అంతా పారేస్తుంది. కణంలో ప్రొటీన్ తయారుచేసే రిబోసోములు పోతాయి. కణద్రవం చాలామటుకు పోతుంది. జన్యువులు బిగుసుకుని మూతపడతాయి. తల, దాని వెనక శక్తినిచ్చే మైటోకాండ్రియా చుట్ట, తోక మిగులుతాయి. అందుకే పూర్తయిన శుక్రకణం కొత్తగా ఏ ప్రొటీనూ చేసుకోదని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. నేనూ ఏళ్ల తరబడి తరగతిలో అదే చెప్పాను.

భార్గవ హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా ఈ ప్రశ్నను వదల్లేదు. 1963లో అబ్రహాంతో కలిసి, 1972లో ప్రేమ్‌కుమార్‌తో కలిసి ఎద్దు శుక్రకణాల మీద పరిశోధన పత్రాలు వెలువరించారు. ఇలాంటి ప్రయోగాల్లో ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. వీర్యం నమూనాలో పిడికెడు బ్యాక్టీరియా ఉన్నా చాలు, అవే అమైనో ఆమ్లాలను మింగి ప్రొటీన్ తయారుచేస్తాయి. మనం ఆ లెక్కను శుక్రకణం ఖాతాలో వేసేస్తాం. విమర్శకులు ఆ మాటే అన్నారు. ప్రశ్న తెగలేదు, పక్కకు జరిగింది. ఆ వీర్యం నుంచే 1979లో భార్గవ, ఇ.ఎస్.పి. రెడ్డి మరో సంగతి బయటపెట్టారు. ఎద్దు వీర్యద్రవంలో బ్యాక్టీరియాను అడ్డుకునే చిన్న ప్రొటీన్ ఒకటి ఉందని, అది బ్యాక్టీరియా లోపల రిబోసోము ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపేస్తుందని చూపించారు. దానికి సెమినల్‌ప్లాస్మిన్ అని పేరుపెట్టారు. హైదరాబాద్‌లో పుట్టిన ఆ పేరు ప్రపంచ జీవరసాయన శాస్త్రంలో నిలిచిపోయింది.

ఇప్పుడు శుక్రకణం ఎలా తయారవుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం.

జువాలజీ చదివినవాళ్లకు మిడత ప్రాక్టికల్ గుర్తుండే ఉంటుంది. మిడత పొట్టలోంచి పసుప్పచ్చటి వృషణాన్ని తీసి, గాజుపలక మీద పెట్టి, ఎర్రటి ఎసిటోకార్మైన్ చుక్క వేసి, పైన సన్నటి గాజుబిళ్ల పెట్టి బొటనవేలితో అదిమేవాళ్లం. మైక్రోస్కోపులో చూస్తే మొదట అంతా ఎర్రటి గందరగోళం. కన్ను అలవాటుపడ్డాక ఒక్కొక్కటే విడివడుతుంది. ఒకచోట గుండ్రటి కణాలు. ఇంకోచోట క్రోమోజోములు జంటలు కట్టి, మళ్లీ విడిపోతూ. ఇంకొంచెం పక్కకు జరిపితే సన్నటి దారప్పోగుల కట్టలు. అవే పూర్తయిన శుక్రకణాలు. గుండ్రటి కణం దారప్పోగు ఎలా అయింది? నలభై ఏళ్ల కిందట ఒక విద్యార్థిని నన్ను ఈ ప్రశ్న అడిగింది. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు.

మగవాడి వృషణంలో మూలకణం నుంచి పూర్తి శుక్రకణం దాకా సుమారు 74 రోజులు పడుతుంది. ఎలుకలో 35 రోజులు. మొదటి అంకంలో మూలకణాలు మామూలుగా విభజన చెందుతాయి. రెండో అంకంలో క్రోమోజోముల సంఖ్య సగమై, ఒక కణం నుంచి నాలుగు గుండ్రటి కణాలు వస్తాయి. వీటిని స్పెర్మాటిడ్లు అంటారు. మూడో అంకంలో విభజన ఉండదు. ఉన్న గుండ్రటి కణమే రూపం మార్చుకుంటుంది: తల సాగుతుంది, ముందు ఎంజైముల టోపీ ఏర్పడుతుంది, వెనక తోక మొలుస్తుంది. మన కథంతా ఈ మూడో అంకంలోనే ఉంది.

ఈ దశలో కణానికి ఉన్న పెద్ద సమస్య సామాను సర్దడం. ఒక శుక్రకణంలోని డీఎన్‌ఏను చాపితే దాదాపు మీటరు పొడుగుంటుంది. దాని తల పొడవు అయిదు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో రెండు వందలో వంతు. మామూలు కణాల్లో డీఎన్‌ఏ హిస్టోన్లు అనే ప్రొటీన్ల చుట్టూ, కండెకు చుట్టిన నూలులా ఉంటుంది. ఆ చుట్టు ఇక్కడ సరిపోదు. అందుకే స్పెర్మాటిడ్ హిస్టోన్లను చాలామటుకు తీసేస్తుంది. వాటి జాగాలో కొన్నాళ్లపాటు ట్రాన్సిషన్ ప్రొటీన్లు నిలబడతాయి. ఆ తర్వాత ప్రోటమీన్లు వస్తాయి. ఇవి చిన్నవి. అర్జినిన్ అనే అమైనో ఆమ్లంతో నిండి గట్టి ధనావేశం ఉన్నవి. రుణావేశం ఉన్న డీఎన్‌ఏను పట్టి బిగించేస్తాయి.

ప్రోటమీన్ మనకు కొత్త చుట్టమేమీ కాదు. 1874లో ఫ్రెడ్రిక్ మీషర్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో రైన్ నది సాల్మన్ చేపల వీర్యం నుంచి దాన్ని వేరుచేసి ఆ పేరు పెట్టాడు. అయిదేళ్ల ముందు, చీము కణాల్లో ఇప్పుడు మనం డీఎన్‌ఏ అంటున్న పదార్థాన్ని మొదట చూసింది కూడా ఆయనే. మీ ఇళ్లలో షుగరు ఉన్న పెద్దవాళ్ల కోసం ఫ్రిజ్ తలుపులో దాచే ఇన్సులిన్ సీసా చూడండి. పాలలా మసకగా ఉండే రకమైతే, వాడే ముందు రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించమని నర్సు చెబుతుంది. ఆ మసక ప్రోటమీన్ వల్లే. ఇన్సులిన్‌ను పట్టి ఉంచి నిదానంగా వదులుతుంది. గుండె ఆపరేషన్ అయ్యాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్‌కు విరుగుడుగా ఎక్కించేదీ ప్రోటమీనే. పట్టుకుంటే బిగించి పట్టడం దాని గుణం. శుక్రకణంలో అది డీఎన్‌ఏకు చేసేదీ అదే.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. ప్రోటమీన్లు డీఎన్‌ఏను బిగించేస్తే జన్యువులు మూతపడతాయి. అప్పటినుంచి కొత్త ఆదేశాలు రావు. తోక పూర్తి కావాలన్నా, తల ఆకారం కుదరాలన్నా ఇంకా ఎన్నో ప్రొటీన్లు కావాలి. ఆ ఆదేశాలు ఎక్కడినుంచి వస్తాయి?

కణం కనుక్కున్న ఉపాయం మన రైతుకు బాగా తెలిసినదే. విత్తనాన్ని ముందే సంపాదించి గాదెలో దాస్తుంది. అంటే, జన్యువులు ఇంకా తెరిచి ఉన్న గుండ్రటి దశలోనే అవసరమైన ఆదేశాలన్నీ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలుగా రాయించుకుంటుంది. రాసిన వెంటనే వాటినుంచి ప్రొటీన్ చెయ్యదు. ఆర్‌ఎన్‌ఏకు కొన్ని ప్రొటీన్లు అంటుకుని దాన్ని నిద్రపుచ్చుతాయి. ఎలుకలో ప్రోటమీన్ ఆదేశం రోజుల తరబడి, దాదాపు వారం, అలా మౌనంగా పడి ఉంటుంది. తల సాగే సమయం వచ్చాక కణం దాన్ని లేపి ప్రొటీన్ చేస్తుంది. అదను ఎరిగి సేద్యం, పదును ఎరిగి పైరు అని మన పెద్దలు అనేవారు. మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక వెయ్యాల్సిన గింజను రోహిణి ఎండల్లో దుక్కిలో వేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. గింజ మంచిదే, నేల మంచిదే. అదను తప్పింది.

కణంలో అదను తప్పితే ఏమవుతుందో అమెరికాలో రాబర్ట్ బ్రౌన్ బృందం 1995లో చూపించింది. ప్రోటమీన్ ఆర్‌ఎన్‌ఏ చివర, దాన్ని నిద్రపుచ్చే సంకేతం ఉన్న భాగాన్ని మార్చేసి ఎలుకల్లో పెట్టారు. ప్రొటీన్‌లో ఏ లోపమూ లేదు. అదే ప్రోటమీన్. కాకపోతే ముందే తయారైంది. డీఎన్‌ఏ గుండ్రటి దశలోనే బిగుసుకుపోయింది, కణం ఎదుగుదల అక్కడే ఆగిపోయింది. కొరత వల్లే కాదు, తొందర వల్ల కూడా సంతానహీనత రావచ్చని అప్పుడు తెలిసింది.

ఇక్కడ మన ఊరి సీడీఎఫ్‌డీ కథలోకి వస్తుంది.

డాక్టర్ రష్నా భండారి అక్కడ ఐపీ6కె1 అనే ఎంజైము మీద పనిచేస్తున్నారు. ఆ పేరు విని బెదరకండి. గింజల్లో, పప్పుల్లో, బియ్యం తవుడులో ఫైటిక్ ఆమ్లం ఉంటుందని పోషకాహారం చదివినవాళ్లకు తెలుసు. ఇనాసిటాల్ అనే చిన్న చక్కెరలాంటి వలయానికి ఆరు ఫాస్ఫేట్లు తగిలించిన అణువు అది. మన కణాలు కూడా తమకు కావలసిన ఆ అణువును తామే తయారుచేసుకుంటాయి. దానికి ఏడో ఫాస్ఫేట్‌ను అప్పటికే ఉన్న ఫాస్ఫేట్ మీద ఎక్కించే ఎంజైమే ఐపీ6కె1. భండారి అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో సోలమన్ స్నైడర్ ప్రయోగశాలలో ఉన్నప్పుడు ఈ జన్యువును తీసేసిన ఎలుకలను పరిశీలించారు. 2008లో ఆ ఫలితం వెలువడింది. ఆ ఎలుకలు చిన్నగా పెరిగాయి, వాటి రక్తంలో ఇన్సులిన్ తక్కువగా ఉంది, మగ ఎలుకలకు సంతానం కలగలేదు. శుక్రకణం తయారీ చివరి అంకంలో ఎక్కడో తెగిపోయింది. ఎందుకు తెగిందన్నది అప్పటికి తెలియదు.

ఆ ఎందుకుకు జవాబు హైదరాబాద్‌లో దొరికింది. అవుషాక్ బషీర్ మల్లా, రష్నా భండారి కలిసి 2017లో 'జర్నల్ ఆఫ్ సెల్ సైన్స్'లో దాన్ని వెలువరించారు. గుండ్రటి స్పెర్మాటిడ్‌లో కేంద్రకం పక్కన ఒక చిన్న మచ్చ ఉంటుంది. 19వ శతాబ్దంలోనే మైక్రోస్కోపు పట్టినవాళ్లు దాన్ని చూశారు. దాన్ని క్రోమాటాయిడ్ బాడీ అంటారు. దానికి పొర లేదు, గోడ లేదు. ఆర్‌ఎన్‌ఏలు, వాటికి అంటుకునే ప్రొటీన్లు గుమిగూడిన ముద్ద అది. నేనన్న గాదెకు సంబంధించిన లెక్కలు చూసే జాగా అనుకోండి. సీడీఎఫ్‌డీ బృందం గమనించింది ఏమిటంటే, ఐపీ6కె1 ప్రొటీన్ ఈ మచ్చలోనే ఉంటుంది. జన్యువు తీసేసిన ఎలుకల్లో ఈ మచ్చే ఏర్పడలేదు. ఆ మచ్చ లేని కణాల్లో టీఎన్‌పీ2 అనే ట్రాన్సిషన్ ప్రొటీన్, పీఆర్‌ఎం2 అనే ప్రోటమీన్ రావలసిన సమయానికి ముందే వచ్చేశాయి. తల సాగడం అస్తవ్యస్తమైంది, శుక్రకణం పూర్తి కాలేదు.

బ్రౌన్ ఆర్‌ఎన్‌ఏను మార్చి అదను తప్పించారు. మన హైదరాబాద్ బృందం ఆర్‌ఎన్‌ఏను ముట్టుకోలేదు. అదను కాపాడే కాపలాదారుల్లో ఒకరిని పట్టుకుంది. ఎంజైము అనగానే రసాయన చర్య చెయ్యడమే దాని పని అనుకుంటాం. ఇదే ప్రయోగశాల నుంచి 2021లో వచ్చిన మరో పత్రం వేరే కణాల్లో, ఆర్‌ఎన్‌ఏలు గుమిగూడే ఇలాంటి ముద్దలు ఏర్పడడానికి ఐపీ6కె1 సాయపడుతుందని, అందుకు దాని రసాయన చర్య అవసరం లేదని, ఇతర ప్రొటీన్లను ఒకచోట చేర్చడమే దాని పాత్ర అని చూపించింది. మన ఊరి పెళ్లిళ్లలో కొందరు పెద్దలు వంట చెయ్యరు, వడ్డించరు. వాళ్లు లేకపోతే మాత్రం పని ఒక దారిన పడదు. ఈ ప్రొటీన్‌కు అలాంటి పెద్దరికం కూడా ఉందన్నమాట.

భార్గవగారు వెళ్లిపోయిన ఏడాదే, ఆయన పని కొనసాగించిన ఊరి నుంచే ఆ 2017 పత్రం వెలువడింది. ఆయన అడిగింది 'శుక్రకణం ప్రొటీన్ చేస్తుందా' అని. అరవై ఏళ్ల తర్వాత ఇక్కడి పరిశోధకులు అడిగింది 'శుక్రకణం అయ్యే దారిలో ప్రొటీన్‌ను ఎప్పుడు చెయ్యాలో ఎవరు చెబుతారు' అని. మొదటి ప్రశ్న లేకపోతే రెండోది ఉండదని నేను అనను. శాస్త్రంలో ఒక రోడ్డు మీద వరసగా దీపాలు వెలిగినట్టు ప్రశ్నలు రావు. అయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే భాగ్యం మన ఉప్పల్ రోడ్డు వాళ్లకు దక్కింది.

మరి భార్గవ పాత ప్రశ్న ఏమైంది? 2006లో ఇజ్రాయెల్‌లోని బార్ ఇలాన్ విశ్వవిద్యాలయం నుంచి గుర్, బ్రైట్‌బార్ట్ ఒక పత్రం వెలువరించారు. పూర్తయిన క్షీరద శుక్రకణాలు తమలో మిగిలిన ఆర్‌ఎన్‌ఏల నుంచి ప్రొటీన్ చేస్తాయని, అందుకు మామూలు రిబోసోములు కాక మైటోకాండ్రియా తరహా రిబోసోములను వాడతాయని వాళ్లు చెప్పారు. ఆ తయారీని క్లోరాంఫెనికాల్ మందుతో ఆపితే శుక్రకణాల చలనం తగ్గింది, అండాన్ని ఫలదీకరించే శక్తీ తగ్గింది. ఇది ఎలా జరుగుతుందన్న వాదన ఇంకా ముగియలేదు. నాకు ముఖ్యంగా తోచేది ఒకటే. పాఠ్యపుస్తకం కాదన్న చోట ఒక ఇరవై తొమ్మిదేళ్ల యువకుడు ఉందేమో అని అడిగాడు. దాదాపు యాభై ఏళ్లకు ప్రపంచం ఆ ప్రశ్నను మళ్లీ తెరిచింది.

ఇక ప్రయోగశాల దాటి మన గల్లీల్లోకి వద్దాం. ఈ మాట అనకుండా దిగితే నేను ఈ వేదికకు న్యాయం చేసినట్టు కాదు.

మా వీధిలో ఒక అమ్మాయి ఉండేది. పెళ్లయి ఎనిమిదేళ్లు. శ్రావణమాసం వాయినాలకు ఆమెను పిలవడం మానేశారు. ఆమె వినేట్టే గొడ్రాలు అన్నారు. ఎన్నో గుళ్లు తిరిగింది, ఉపవాసాలు చేసింది, ఆస్పత్రుల్లో ఆమెకు చెయ్యని పరీక్ష లేదు. ఆ ఎనిమిదేళ్లలో ఆమె భర్తను పరీక్షకు రమ్మని ఎవరూ అడగలేదు, అత్తగారూ, సొంత తల్లీ కూడా. చివరికి ఒక డాక్టరు పట్టుబడితే పరీక్ష చేయించారు. అతని వీర్యంలో శుక్రకణాలే లేవు. అందులో అతని తప్పూ లేదు. ఏదో ఒక ప్రొటీన్ రాలేదేమో, లేదా అదను తప్పి వచ్చిందేమో. తప్పు లేని ఇద్దరిలో ఒకరికి మాత్రం ఎనిమిదేళ్లు శిక్ష పడింది.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురు పెద్దవాళ్లలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానం కలగని సమస్యను ఎదుర్కొంటారు. అలాంటి జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. హబ్సిగూడలో సీసీఎంబీ నుంచి డాక్టర్ కుమారస్వామి తంగరాజ్ బృందం 2003లో వెలువరించిన అధ్యయనం చూడండి. వీర్యంలో శుక్రకణాలు లేని 340 మంది భారతీయ పురుషులను పరీక్షిస్తే 8.5 శాతం మందిలో వై క్రోమోజోములో ముక్కలు ఊడిపోయి ఉన్నాయి. ఊడిపోయే ముక్కల్లో ఒకదానిలో డాజ్ అనే జన్యువులు ఉంటాయి. ఆ జన్యువులిచ్చే ప్రొటీన్ చేసే పనేమిటో తెలుసా? ఆర్‌ఎన్‌ఏలను పట్టుకుని వాటినుంచి ప్రొటీన్ తయారీని నడిపించడం. ఎలుకలో చూసిన గాదె కాపలా లాంటిదే మనిషిలోనూ ఉంది. అది లేనిచోట పంట రాదు.

ఇలాంటి లోపం ఉన్న మగవారికి కొన్ని సందర్భాల్లో, ఒక్క శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిలో సంతానం కలగవచ్చు. పుట్టేది కొడుకైతే తండ్రి వై క్రోమోజోము లోపంతో సహా వాడికి వస్తుంది. ఈ సంగతి చికిత్సకు ముందే దంపతులకు చెప్పాలి, చెప్పించుకోవాలి.

ఒక జాగ్రత్త కూడా చెబుతాను. ఐపీ6కె1 సంగతి తేలింది ఎలుకలో. దాని పేరుతో ఇవాళ మందు లేదు. కరెంటు స్తంభాలకు అంటించిన సంతానప్రాప్తి కాగితాలు చూసి, ప్రొటీన్ పొడి తాగితే శుక్రకణాలు పెరుగుతాయని నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. మనం తినే ప్రొటీన్ వేరు, కణం లోపల జన్యువు ఆదేశం మీద తయారయ్యే ప్రొటీన్ వేరు. వృషణాలు శరీరం కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని సాగుతుంది. అందుకే గట్టి జ్వరం వచ్చిపోయాక శుక్రకణాల సంఖ్య కొన్నాళ్లు పడిపోవచ్చు. తయారీకే 74 రోజులు పడుతుంది గనక ఒక్క పరీక్ష చూసి గుండె చెదరనక్కర్లేదు. వ్యవధి ఇచ్చి మళ్లీ చేయించాలి. మన పారిశ్రామికవాడలో కొలిమి ముందు, బాయిలర్ల ముందు పనిచేసే తమ్ముళ్లు ఈ వేడి సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు మనలో చాలామంది 'మీరే చదువుకోండి' అని పేజీ తిప్పేస్తాం. ఉద్యోగంలో మొదటి ఏళ్లలో నేనూ ఆ పని చేశాను. మిడత పలక ముందు నుంచుని ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి నా సిగ్గు పోగొట్టింది. మనం దాటవేసిన పేజీయే రేపు ఒక ఇంట్లో ఆడపిల్ల మీద నింద అవుతుంది. శాస్త్రీయ దృక్పథాన్ని 1976లో రాజ్యాంగంలో పౌరుడి ప్రాథమిక విధుల్లో చేర్చారు. భార్గవగారు ఆ మాట కోసం జీవితమంతా నిలబడ్డారు. ఆ విధి మనకు మొదట ఎదురయ్యేది ఈ పాఠం దగ్గరే.

పిల్లలకు చెప్పేది ఇంకొంచెం సంతోషమైనది. ఉప్పల్ రోడ్డున బస్సులో వెళుతూ మీరు రోజూ చూసే ఆ పరిశోధన సంస్థల గేట్ల లోపల, ఒక కణంలో ఒక ప్రొటీన్ ఒక రోజు ముందు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి ఏళ్లు ధారపోసే మనుషులు ఉన్నారు. సీసీఎంబీకి మాతృసంస్థ అయిన సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబరు 26. ఆ సందర్భంగా సీసీఎంబీ తలుపులు ప్రజలకు తెరుస్తారు. వెళ్లండి. మైక్రోస్కోపులో చూడండి. కనిపించినదాని గురించి అక్కడివాళ్లను ప్రశ్న అడగండి. సిగ్గుపడకండి.

పెద్దలకు ఒక్క విన్నపం చేసి ముగిస్తాను. మీ ఇంట్లో కొత్త దంపతులకు ఏడాది దాటినా కడుపు పండకపోతే, కోడల్ని ఒక్కదాన్నే ఆస్పత్రికి పంపకండి. ఇద్దర్నీ కలిపి పంపండి. మగవాడి మొదటి పరీక్షకు కోత లేదు, సూది లేదు, నొప్పి లేదు. ఆ పరీక్షను ముందే చేయించండి.